బ్రహ్మగుప్తుడు: నాలుగు భుజాలు, ఒక వృత్తం

గణిత ఒలింపియాడ్‌కు సిద్ధమయ్యే విద్యార్థి జ్యామితి పుస్తకం తెరిచిన కొద్ది రోజులకే ఒక భారతీయుని పేరు ఎదురవుతుంది. యూక్లిడ్, టాలమీ, హెరాన్ వంటి గ్రీకు పేర్ల పక్కనే ఆ పేరు ఉంటుంది. చక్రీయ చతుర్భుజ వైశాల్యానికి ఒక సూత్రం, దాని కర్ణాల పొడవులకు మరొక సూత్రం, ఆ కర్ణాలు ఒకదానికొకటి లంబంగా ఉన్నప్పుడు వర్తించే ఒక సిద్ధాంతం, ఈ మూడూ ఆయన పేరు మీదనే ప్రసిద్ధి పొందాయి. ఆయనే బ్రహ్మగుప్తుడు.

సున్నకు లెక్కల నియమాలు చెప్పినవాడిగా బ్రహ్మగుప్తుడు మనందరికీ తెలుసు. కానీ జ్యామితిలో ఆయన చేసిన పని పాఠశాల విద్యార్థులకు అంతగా పరిచయం లేదు. ఆ పనిని అర్థం చేసుకోవడానికి తొమ్మిది, పది తరగతుల పాఠాలు చాలు. అందుకే ఆయన జీవితంతో పాటు ఆ లెక్కలను కూడా ఇక్కడ చెప్పుకుందాం. చదివేటప్పుడు పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి.

జననం, కాలం

బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 598లో జన్మించాడు. తండ్రి పేరు జిష్ణువు. ఆయన నివసించిన భిల్లమాల పట్టణాన్ని ఇప్పుడు భీన్‌మాల్ అంటారు. అది రాజస్థాన్‌లోని జాలోర్ జిల్లాలో ఉంది. తల్లిదండ్రుల ఉద్యోగ రీత్యా రాజస్థాన్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు కొందరు ఆ ఊరి పేరు వినే ఉంటారు. ఏడవ శతాబ్దంలో అది గుర్జర దేశానికి రాజధాని. చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ తన యాత్రా విశేషాలలో ఆ పట్టణాన్ని పేర్కొన్నాడు. తర్వాతి పండితులు బ్రహ్మగుప్తుణ్ణి భిల్లమాలాచార్యుడు అని కూడా పిలిచారు.

ఆ రోజుల్లో గణితం విడిగా ఒక చదువు కాదు. అది జ్యోతిశ్శాస్త్రంలో ఒక భాగం. పంచాంగం కట్టాలన్నా, గ్రహణం ఎప్పుడు పడుతుందో ముందుగా చెప్పాలన్నా, గ్రహాలు ఏ రాశిలో ఉన్నాయో లెక్కించాలన్నా వృత్తాలు, జ్యాలు, త్రిభుజాలు తెలియాలి. సూర్యచంద్రుల గతిని వృత్తాల మీద గీసి లెక్కకట్టేవారు కాబట్టి వృత్తంలో ఇమిడే ఆకారాల కొలతలు వారికి నిత్యావసరం. బ్రహ్మగుప్తుని చూపు చక్రీయ చతుర్భుజాల మీదికి మళ్లడానికి ఈ నేపథ్యాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ముప్పై ఏళ్లకే మహాగ్రంథం

శక సంవత్సరం 550లో, అంటే క్రీ.శ. 628లో, బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం అనే గ్రంథాన్ని పూర్తి చేశాడు. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్లు. చాప వంశానికి చెందిన వ్యాఘ్రముఖుడు అప్పుడు రాజుగా ఉన్నాడు. ఈ వివరాలన్నీ ఆయన తన గ్రంథంలోనే రాసుకోవడం వల్ల మనకు తెలిశాయి. అంతకు ముందు నుంచి ఉన్న బ్రహ్మ సిద్ధాంతంలోని లెక్కలు ఆకాశంలో కనిపించేదానితో సరిపోవడం లేదని గమనించి, వాటిని సవరించి రాశాడు కాబట్టి గ్రంథానికి ఆ పేరు పెట్టాడు. స్ఫుటం అంటే సరిచేసినది, స్పష్టమైనది అని అర్థం.

గ్రంథంలో 24 అధ్యాయాలు, 1008 శ్లోకాలు ఉన్నాయి. అన్నీ ఆర్యా ఛందస్సులో నడుస్తాయి. ఎక్కువ భాగం ఖగోళ విషయాలే. 12వ అధ్యాయం గణితాధ్యాయం, 18వ అధ్యాయం కుట్టకాధ్యాయం. నేటి గణిత విద్యార్థికి ముఖ్యమైనవి ఈ రెండే. ధనరాశులు, ఋణరాశులు, సున్న, వీటిని ఎలా కూడాలి, తీసివేయాలి, గుణించాలి అన్న నియమాలు 18వ అధ్యాయంలో వరుసగా ఉన్నాయి. జ్యామితి 12వ అధ్యాయంలో ఉంది.

శ్లోకాల్లో రాయడానికి కారణం ఉంది. శిష్యులు గ్రంథాన్ని కంఠస్థం చేయాలి. అందుకని ఒక్కో నియమాన్ని ఒకటి రెండు పంక్తుల్లో ఇమిడ్చేవారు. ఉపపత్తిని, అంటే నిరూపణను, గురువు నోట విని నేర్చుకోవాలి. ఈ పద్ధతి వల్ల వచ్చిన మేలు ఒకటుంది, చిక్కు ఒకటుంది. మేలు ఏమిటంటే గ్రంథం తరతరాలు నిలిచింది. చిక్కు ఏమిటో కాసేపట్లో చూద్దాం.

స్థూల వైశాల్యం, సూక్ష్మ వైశాల్యం

ఒక చతుర్భుజానికి నాలుగు భుజాల కొలతలు తెలుసు. దాని వైశాల్యం ఎంత? ఈ ప్రశ్నకు బ్రహ్మగుప్తుడు ఒకే శ్లోకంలో రెండు జవాబులు చెప్పాడు. ఒకటి స్థూలం, రెండవది సూక్ష్మం.

స్థూల పద్ధతి ఇది. ఎదురెదురు భుజాలను కూడి సగం చేయాలి. అలా వచ్చిన రెండు సగాలను గుణించాలి. దీర్ఘచతురస్రానికి ఈ లెక్క సరిగ్గా వస్తుంది. మిగిలిన చతుర్భుజాలకు అసలు వైశాల్యం కంటే ఎక్కువ వస్తుంది, తక్కువ ఎప్పుడూ రాదు.

సూక్ష్మ పద్ధతి ఇది. నాలుగు భుజాల మొత్తాన్ని సగం చేయాలి. ఆ అర్ధ చుట్టుకొలతలోంచి ఒక్కో భుజాన్ని తీసివేస్తే నాలుగు సంఖ్యలు వస్తాయి. ఆ నాలుగింటినీ గుణించి వర్గమూలం తీయాలి.

ఒక ఉదాహరణతో రెండింటినీ పోల్చి చూద్దాం. భుజాలు వరుసగా 25, 52, 60, 39 అనుకుందాం. ఇక్కడ 25కు ఎదురు భుజం 60, 52కు ఎదురు భుజం 39.

స్థూలంగా: (25 + 60) ÷ 2 = 42.5; (52 + 39) ÷ 2 = 45.5; లబ్ధం 1933.75.

సూక్ష్మంగా: చుట్టుకొలత 176, అందులో సగం 88. నాలుగు భుజాలను విడివిడిగా తీసివేస్తే 63, 36, 28, 49. వీటి లబ్ధం 31,11,696. దాని వర్గమూలం 1764.

రెండింటికీ తేడా దాదాపు 170. అంటే స్థూల పద్ధతిలో దాదాపు పదో వంతు ఎక్కువ చూపిస్తోంది. ఇది ఒక రైతు పొలమే అయితే, పన్ను వైశాల్యాన్ని బట్టి వేసేదే అయితే, ఆ రైతు లేని నేలకు పన్ను కట్టాల్సి వస్తుంది. స్థూలాన్నీ సూక్ష్మాన్నీ పక్కపక్కనే పెట్టి చూపడం వల్ల ఏది ఎప్పుడు వాడాలో శిష్యునికి తెలుస్తుంది.

సూక్ష్మ సూత్రంలో ఒక భుజాన్ని సున్న చేసి చూడండి. చతుర్భుజం త్రిభుజంగా మారుతుంది. అర్ధ చుట్టుకొలతలోంచి సున్న తీసివేస్తే అర్ధ చుట్టుకొలతే మిగులుతుంది. మీరు తొమ్మిదో తరగతిలో చదివే హెరాన్ సూత్రం సరిగ్గా ఇదే. బ్రహ్మగుప్తుడు తన శ్లోకంలో త్రిభుజాన్ని, చతుర్భుజాన్ని కలిపే చెప్పాడు.

చెప్పకుండా ఉండిపోయిన షరతు

ఇప్పుడు చిక్కు దగ్గరికి వద్దాం. నాలుగు భుజాలూ 5 చొప్పున ఉన్న ఒక చతురస్రాన్ని తీసుకోండి. వైశాల్యం 25. సూత్రం ప్రకారం కూడా 25 వస్తుంది. ఇప్పుడు కర్ణాలు 6, 8 ఉన్న ఒక సమచతుర్భుజాన్ని గీయండి. దాని భుజాలు కూడా 5 చొప్పునే ఉంటాయి. పైథాగరస్ సిద్ధాంతంతో సరిచూసుకోవచ్చు, 3, 4, 5 కదా. దాని వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం, అంటే 24. కానీ సూత్రంలో వేస్తే మళ్లీ 25 వస్తుంది. అంటే సూత్రం తప్పా?

సరిగ్గా ఈ అభ్యంతరాన్నే 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతి గ్రంథంలో లేవనెత్తాడు. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన చతుర్భుజం స్థిరపడదని, కర్ణం మారితే వైశాల్యం కూడా మారుతుందని, కాబట్టి త్రిభుజానికి సరిపోయే ఈ నియమం చతుర్భుజానికి కచ్చితం కాదని ఆయన చెప్పాడు. కర్ణమో లంబమో చెప్పకుండా వైశాల్యం అడిగేవారిని కటువుగానే ఆక్షేపించాడు. బ్రహ్మగుప్తుడంటే భాస్కరునికి ఎంతో గౌరవం. గణకచక్ర చూడామణి అని కీర్తించింది ఆయనే. అయినా లెక్క దగ్గర మొహమాటపడలేదు.

భాస్కరుని మాట నిజమే. నాలుగు కర్రముక్కలను మూలల్లో మేకులతో కలిపితే ఆ చట్రాన్ని ఎటైనా వాల్చవచ్చు. వాల్చినకొద్దీ లోపలి వైశాల్యం మారుతుంది. ఆ వైశాల్యం అన్నిటికంటే ఎక్కువయ్యేది నాలుగు మూలలూ ఒకే వృత్తం మీదికి వచ్చినప్పుడు. బ్రహ్మగుప్తుని సూత్రం ఆ స్థితికే వర్తిస్తుంది. చతురస్రం మూలలు ఒక వృత్తం మీద ఉంటాయి. వాల్చిన సమచతుర్భుజం మూలలు ఉండవు. అందుకే ఒకచోట జవాబు కుదిరింది, మరోచోట కుదరలేదు.

మరి బ్రహ్మగుప్తుడు పొరపడ్డాడా? ఆయన గ్రంథాన్ని వరుసగా చదివితే అలా అనిపించదు. వైశాల్య నియమం తర్వాత కొద్ది శ్లోకాలకే చతుర్భుజం మూలలన్నిటి గుండా పోయే వృత్తం వ్యాసార్థాన్ని ఎలా కనుక్కోవాలో చెప్పాడు. దానికి హృదయరజ్జువు అని పేరు. ఆ తర్వాత ఇచ్చిన కర్ణాల నియమం కూడా వృత్తంలో ఇమిడే చతుర్భుజానికే చెల్లుతుంది. ఆయన మనసులో ఉన్నవి చక్రీయ చతుర్భుజాలేనని నేటి గణిత చరిత్రకారులు చెప్పడానికి ఇవే ఆధారాలు. షరతు ఆయనకు తెలుసు, శ్లోకంలోకి మాత్రం రాలేదు. దానివల్ల ఐదు వందల ఏళ్ల తర్వాత అంతటి భాస్కరుడు కూడా ఆ సూత్రాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

పోటీ పరీక్షలకు తయారయ్యే వారికి ఇందులో పెద్ద హెచ్చరిక ఉంది. సూత్రం ఎంత బాగా గుర్తున్నా, అది ఎక్కడ చెల్లుతుందో గుర్తులేకపోతే జవాబు తప్పుతుంది. చతుర్భుజం కనిపించగానే సూత్రం వేయకండి. ముందుగా ఎదురు కోణాల మొత్తం 180 డిగ్రీలా కాదా అని చూడండి. అవునని తేలితేనే అది చక్రీయ చతుర్భుజం.

పూర్ణసంఖ్యలతో చతుర్భుజం కట్టడం

పై ఉదాహరణలో వర్గమూలం సరిగ్గా 1764 వచ్చింది. భుజాలు ఏవో నాలుగు సంఖ్యలు తీసుకుంటే సాధారణంగా ఇలా రాదు. మరి ఈ సంఖ్యలు ఎలా దొరికాయి? దానికీ బ్రహ్మగుప్తుడు ఒక ఉపాయం చెప్పాడు. రెండు లంబకోణ త్రిభుజాలు తీసుకోవాలి. ఒకదాని లంబకోణ భుజాలను రెండోదాని కర్ణంతోను, రెండోదాని లంబకోణ భుజాలను మొదటిదాని కర్ణంతోను గుణించాలి. వచ్చే నాలుగు సంఖ్యలే చతుర్భుజానికి భుజాలు.

3, 4, 5 ఒక త్రిభుజం. 5, 12, 13 మరొకటి. 3 × 13 = 39, 4 × 13 = 52, 5 × 5 = 25, 12 × 5 = 60. మన ఉదాహరణలోని నాలుగు భుజాలూ వచ్చేశాయి. తర్వాతి గ్రంథాల్లో కూడా ఈ సంఖ్యలు ప్రసిద్ధ ఉదాహరణగా నిలిచాయి.

ఇది ఎందుకు పనిచేస్తుందో బొమ్మ గీస్తే తెలుస్తుంది. పి అనే బిందువు దగ్గర ఒకదానికొకటి లంబంగా రెండు రేఖలు గీయండి. పి నుంచి నాలుగు వైపులా వరుసగా 15, 20, 48, 36 పొడవుల్లో ఎ, బి, సి, డి బిందువులు గుర్తించండి. పి దగ్గర నాలుగు లంబకోణ త్రిభుజాలు ఏర్పడతాయి. 15, 20 భుజాలైన త్రిభుజానికి కర్ణం 25. ఇది 3, 4, 5 త్రిభుజానికి ఐదు రెట్లు. 20, 48 భుజాలైతే కర్ణం 52. ఇది 5, 12, 13కు నాలుగు రెట్లు. 48, 36 అయితే కర్ణం 60. 36, 15 అయితే కర్ణం 39. నాలుగు త్రిభుజాల వైశాల్యాలు 150, 480, 864, 270. కూడితే 1764. సూత్రం ఇచ్చిన జవాబు ఇలా వేరే దారిలో కూడా సరిపోయింది.

నాలుగు మూలలు ఒకే వృత్తం మీద ఉన్నాయని ఎలా చెప్పగలం? 15 × 48 = 720. 20 × 36 కూడా 720. ఒక వృత్తంలో రెండు జ్యాలు ఖండించుకుంటే ఒకదాని రెండు ముక్కల లబ్ధం, రెండోదాని రెండు ముక్కల లబ్ధం సమానంగా ఉంటాయని మీరు చదివి ఉంటారు. దాని విపర్యయం కూడా నిజమే. కాబట్టి ఇది చక్రీయ చతుర్భుజం. దాని కర్ణాలు 15 + 48 = 63, 20 + 36 = 56.

2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలమీ పేరు మీద ఒక సిద్ధాంతం ఉంది. చక్రీయ చతుర్భుజంలో కర్ణాల లబ్ధం, ఎదురెదురు భుజాల లబ్ధాల మొత్తానికి సమానం. ఇక్కడ 25 × 60 + 52 × 39 = 1500 + 2028 = 3528. 63 × 56 కూడా 3528. టాలమీ సిద్ధాంతం కర్ణాల లబ్ధాన్ని మాత్రమే ఇస్తుంది. బ్రహ్మగుప్తుని నియమం ఒక్కో కర్ణాన్ని విడిగా ఇస్తుంది. కర్ణానికి రెండు వైపులా రెండు భుజాల జతలు ఉంటాయి. ఆయా జతల లబ్ధాలను కూడితే ఒక మొత్తం. రెండో కర్ణానికి కూడా అలాగే ఒక మొత్తం. మన బొమ్మలో 63 పొడవైన ఎసి కర్ణానికి ఒకవైపు 25, 52, మరోవైపు 60, 39 ఉన్నాయి. మొత్తం 1300 + 2340 = 3640. 56 పొడవైన బిడి కర్ణానికి ఒకవైపు 25, 39, మరోవైపు 52, 60. మొత్తం 975 + 3120 = 4095. ఇప్పుడు 3528ను 4095తో గుణించి 3640తో భాగిస్తే 3969, అంటే 63 వర్గం. 3528ను 3640తో గుణించి 4095తో భాగిస్తే 3136, అంటే 56 వర్గం.

లంబ కర్ణాల సిద్ధాంతం

ఒలింపియాడ్ పుస్తకాల్లో బ్రహ్మగుప్త సిద్ధాంతం అని కనిపించేది ఇది. చక్రీయ చతుర్భుజంలో కర్ణాలు లంబంగా ఖండించుకుంటే, ఆ ఖండన బిందువు గుండా ఒక భుజానికి గీసిన లంబం ఎదురు భుజాన్ని సమద్విఖండన చేస్తుంది.

నిరూపణ మీ పాఠ్యపుస్తకం దాటదు. ఎబిసిడి చక్రీయ చతుర్భుజం. కర్ణాలు ఎసి, బిడి పి వద్ద లంబంగా ఖండించుకున్నాయి. పి నుంచి బిసి భుజానికి లంబం గీయండి. అది బిసిని ఎం వద్ద తాకుతుంది. దాన్నే వెనక్కి పొడిగిస్తే ఎడి భుజాన్ని ఎన్ వద్ద కలుస్తుంది. ఎన్ మధ్యబిందువని చూపాలి.

మొదట, కోణం ఎన్‌పిఎ, కోణం ఎంపిసి శీర్షాభిముఖ కోణాలు కాబట్టి సమానం. ఎంపిసి లంబకోణ త్రిభుజంలో కోణం ఎంపిసి, సి వద్ద కోణం కలిసి 90 డిగ్రీలు. బిపిసి కూడా లంబకోణ త్రిభుజమే. అందులో బి వద్ద కోణం, సి వద్ద కోణం కలిసి 90 డిగ్రీలు. కాబట్టి కోణం ఎంపిసి, కోణం పిబిసి సమానం. ఇక కోణం పిబిసి అంటే కోణం డిబిసియే. ఇది డిసి చాపం మీద ఉన్న కోణం. అదే చాపం మీద ఎ వద్ద ఉన్న కోణం డిఎసి. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానం. అంటే ఎన్‌పిఎ త్రిభుజంలో పి వద్ద, ఎ వద్ద కోణాలు సమానం. కాబట్టి ఎన్‌ఎ, ఎన్‌పి సమానం. ఇదే విధంగా రెండో వైపు చేస్తే ఎన్‌డి, ఎన్‌పి సమానమని వస్తుంది. కాబట్టి ఎన్‌ఎ, ఎన్‌డి సమానం. ఎన్ మధ్యబిందువు.

ఇందులో వాడినవి మూడే విషయాలు: శీర్షాభిముఖ కోణాలు, త్రిభుజ కోణాల మొత్తం, ఒకే వృత్తఖండంలోని కోణాలు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో రెండు రోజుల్లో ఆరు ప్రశ్నలు ఇస్తారు, రోజుకు నాలుగున్నర గంటల సమయం ఉంటుంది. వాటిలో జ్యామితి ప్రశ్నలు కష్టమైనవే అయినా వాటికి కలన గణితం అవసరం లేదు. ఇలాంటి చిన్న చిన్న మెట్లను ఓపికగా, సరైన వరుసలో పేర్చుకుంటూ పోవాలి.

సభల్లో లెక్కల పోటీ

పోటీలు ఈ కాలానివే అనుకోనక్కరలేదు. బ్రహ్మగుప్తుని కాలంలో పండితులు సభల్లో ఒకరికొకరు లెక్కలు వేసుకునేవారు. సభలో సమస్యలు వేసేవాడికి కీర్తి వస్తుందని, వాటిని సాధించేవాడికి అంతకంటే ఎక్కువ వస్తుందని ఆయన కూడా అన్నాడు. తన గ్రంథంలో ఒక సవాలు విసిరాడు. ఒక సంఖ్య వర్గాన్ని 92తో గుణించి 1 కలిపితే మళ్లీ ఒక వర్గసంఖ్యే రావాలి. ఆ సంఖ్య ఏది? ఏడాది లోపల చెప్పగలిగినవాణ్ణి గణకుడిగా ఒప్పుకోవచ్చని ఆయన ఉద్దేశం. జవాబు 120. దాని వర్గం 14,400. 92తో గుణించి 1 కలిపితే 13,24,801. అది 1151 వర్గం. ఊహించి కాకుండా క్రమపద్ధతిలో ఈ జవాబు రాబట్టడానికి ఆయన భావన అనే విధానాన్ని కనిపెట్టాడు.

ఏడాది గడువు ఇచ్చాడన్న సంగతి గమనించండి. ఒక లెక్క అరగంటలో రాకపోతే తెలివి లేదని బాధపడే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆర్యభటునితో వాదం

బ్రహ్మగుప్తుడు మెతక మనిషి కాదు. తన గ్రంథంలో 11వ అధ్యాయాన్ని ఇతరుల సిద్ధాంతాల పరీక్షకే కేటాయించాడు. అందులో ఎక్కువ దెబ్బలు తిన్నది ఆర్యభటుడు. ఆర్యభటుడు 476లో జన్మించి 499లో ఆర్యభటీయం రాశాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చెప్పాడు. బ్రహ్మగుప్తుడు దాన్ని ఒప్పుకోలేదు. ఈ విషయంలో ఆర్యభటుడిదే ఒప్పని మనకు తెలుసు. వృత్త పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తిని ఆర్యభటుడు 3.1416గా ఇచ్చాడు. శతాబ్దం దాటిన తర్వాత రాసిన బ్రహ్మగుప్తుడు స్థూలంగా 3 అని, సూక్ష్మంగా 10 వర్గమూలమని ఇచ్చాడు. 10 వర్గమూలం దాదాపు 3.162. ఆర్యభటుని విలువే సత్యానికి దగ్గర. సున్నను సున్నతో భాగిస్తే సున్న అని రాయడం కూడా బ్రహ్మగుప్తుని పొరపాటే. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ ఆయన ప్రతిభను మెచ్చుకుంటూనే, గ్రహణాల విషయంలో రాహువు కథను సమర్థించినందుకు విమర్శించాడు.

అయితే కథ అక్కడ ఆగలేదు. 665లో బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకం అనే రెండో గ్రంథం రాశాడు. అప్పటికి ఆయన వయసు 67. పంచాంగకర్తలు సులువుగా లెక్కలు చేసుకోవడానికి ఉపయోగపడే చేపుస్తకం అది. దాని మొదటి భాగాన్ని ఆయన ఆర్యభటుని అర్ధరాత్రి పద్ధతి మీదనే నిర్మించాడు. అవసరమైన సవరణలను తర్వాతి భాగంలో చేర్చాడు. పట్టికలో లేని జ్యా విలువలను దగ్గరగా లెక్కగట్టే మెరుగైన పద్ధతిని కూడా అందులో ఇచ్చాడు. 30 ఏళ్ల వయసులో ఎవరిని తీవ్రంగా ఖండించాడో, 67 ఏళ్ల వయసులో ఆయన పద్ధతినే పునాదిగా తీసుకుని జనానికి పనికొచ్చే పుస్తకం రాశాడు.

ఆయన తర్వాత

8వ శతాబ్దంలో ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో భారతీయ ఖగోళ గణితం బాగ్దాద్ చేరింది. బ్రహ్మగుప్తుని సంప్రదాయానికి చెందిన లెక్కలు అరబ్బీలో సింద్‌హింద్ పేరుతో వెలువడ్డాయి. 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ తన ఖగోళ పట్టికలకు వాటిని ఆధారం చేసుకున్నాడు.

దక్షిణాన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. చతుర్భుజ వైశాల్య, కర్ణ నియమాలు అందులోనూ ఉన్నాయి. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ విధంగా గణితం తెలుగులో చదువుకునే భాగ్యం మనవారికి దాదాపు వెయ్యేళ్ల కిందటే కలిగింది.

భాస్కరుడు పక్కన పెట్టిన సూత్రానికి కేరళ పండితులు మళ్లీ ప్రాణం పోశారు. 15వ శతాబ్దంలో పరమేశ్వరుడు ఏ చక్రీయ చతుర్భుజానికైనా పరివృత్త వ్యాసార్థం కనుక్కునే సూత్రం ఇచ్చాడు. 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో వైశాల్య సూత్రానికి పూర్తి ఉపపత్తి ఉంది. అక్కడ చతుర్భుజం వృత్తంలో ఉండాలన్న షరతు స్పష్టంగా ఉంది. బ్రహ్మగుప్తుడు శ్లోకంలో చెప్పకుండా వదిలిన మాట దాదాపు తొమ్మిది వందల ఏళ్లకు ఉపపత్తితో సహా గ్రంథస్థమైంది. 1817లో కోల్‌బ్రూక్ చేసిన ఆంగ్లానువాదంతో 12, 18 అధ్యాయాలు ఐరోపా గణితజ్ఞులకు అందాయి.

భారతదేశం అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మొదటిసారి 1989లో పాల్గొంది. 1996లో ఆ పోటీ ముంబయిలోనే జరిగింది. ఆ దారిలో అడుగుపెట్టాలనుకునే మన విద్యార్థులు బ్రహ్మగుప్తుని నుంచి రెండు విషయాలు నేర్చుకోవచ్చు. స్థూలం దగ్గర ఆగకుండా సూక్ష్మం వరకు వెళ్లాలి. జవాబు రాసేటప్పుడు ఏ షరతు మీద రాస్తున్నామో ఆ షరతును కూడా కాగితం మీద రాయాలి. పరీక్షకుడికి మన మనసులో ఉన్నది కనిపించదు, కాగితం మీద ఉన్నదే కనిపిస్తుంది.

అభ్యాసానికి మూడు లెక్కలు

1. ఒక చక్రీయ చతుర్భుజం భుజాలు వరుసగా 7, 24, 20, 15. బ్రహ్మగుప్తుని సూత్రంతో వైశాల్యం కనుక్కోండి. తర్వాత 25 పొడవైన కర్ణం గీసి, రెండు లంబకోణ త్రిభుజాలుగా విడదీసి సరిచూడండి.

2. 5, 12, 13 మరియు 8, 15, 17 లంబకోణ త్రిభుజాలతో బ్రహ్మగుప్తుడు చెప్పినట్లు ఒక చతుర్భుజం కట్టండి. దాని భుజాలు, కర్ణాలు, వైశాల్యం ఎంత?

3. సూత్రంలో ఒక భుజాన్ని సున్నగా తీసుకుని 13, 14, 15 భుజాలున్న త్రిభుజ వైశాల్యం కనుక్కోండి. త్రిభుజానికి చక్రీయం అన్న షరతు ఎందుకు చెప్పనక్కరలేదో ఒక వాక్యంలో రాయండి.

జవాబులు: 1) 234. 2) భుజాలు 85, 204, 104, 195, కర్ణాలు 171, 220, వైశాల్యం 18,810. 3) 84, ఏ త్రిభుజానికైనా మూడు శీర్షాల గుండా పోయే వృత్తం ఒకటి ఎప్పుడూ ఉంటుంది.